పండ్లు, చీజ్‌తో టోస్ట్: పది నిమిషాల్లో, నానిపోకుండా

పండ్ల టోస్ట్ బాగా రాలేదంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: తడి. స్ట్రాబెర్రీల్లో వంద గ్రాములకు 91 గ్రాములు నీళ్లే. పీచ్‌లో 89, యాపిల్‌లో 86, మామిడిలో 83, అరటిపండులో 75. అంత నీరున్న పండును, కాల్చి చెమ్మ పోగొట్టిన బ్రెడ్డు మీద పెడుతున్నాం. కాసేపటికి ఆ నీళ్లు కిందికి దిగుతాయి, బ్రెడ్డు నానుతుంది, చేత్తో ఎత్తగానే నడిమికి వంగి ముక్కలన్నీ జారిపోతాయి. ఏ చీజ్ రాయాలి, పండు ఎంత మందాన కోయాలి, తేనె ఎప్పుడు వేయాలి, ఏ పని ముందు, ఏది వెనక అన్నవన్నీ ఆ తడిని బ్రెడ్డుకు తగలనివ్వకుండా ఆపడానికే. అది పట్టుబడితే ఏ పండుతోనైనా చేసుకోవచ్చు.

ఒకరికి కావలసినవి

- బ్రెడ్డు 2 స్లైసులు, ఒక్కోటి సుమారు 40 గ్రాములు
- రికోటా లేదా అలాంటి మెత్తని తాజా చీజ్ 80 గ్రాములు (స్లైసుకు రెండు టేబుల్‌స్పూన్లు, నిండుగా)
- కోసిన పండు 120 గ్రాములు: మధ్యరకం స్ట్రాబెర్రీలైతే పది దాకా, అరటిపండైతే ఒకటి, యాపిలైతే ముప్పావు వంతు
- వాల్‌నట్లు లేదా బాదం 10 నుంచి 15 గ్రాములు
- తేనె 1 టీస్పూను, ఇష్టమైతేనే
- నిమ్మరసం అర టీస్పూను
- ఉప్పు ఒక చిటికెడు, మిరియాల పొడి లేదా దాల్చినచెక్క పొడి

ఈ కొలతలకు, సంపూర్ణ గోధుమ బ్రెడ్డు వాడితే, పళ్లెం మొత్తం మీద సుమారు 450 నుంచి 500 కేలరీలు, 17 నుంచి 20 గ్రాముల ప్రోటీన్, 8 గ్రాముల దాకా పీచు వస్తాయి. మధ్యాహ్నం దాకా ఆకలి వేయకుండా నిలబడే ఫలహారమే ఇది. ఉదయం తక్కువ తినేవాళ్లకు ఒక్క స్లైసు చాలు.

బ్రెడ్డు

పలుచటి శాండ్‌విచ్ బ్రెడ్డు దీనికి నప్పదు. సెంటీమీటరు కంటే సన్నగా ఉన్న స్లైసు కాలిస్తే లోపలిదాకా ఎండి పెళుసవుతుంది, కొరకగానే విరిగి పైనున్నదంతా ఒళ్లో పడుతుంది. సరిగా కాలకపోతే రెండు నిమిషాల్లో నానుతుంది. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందం ఉంటే పైన కరకరలాడే పొర కడుతుంది, నడుమ మెత్తదనం మిగులుతుంది. కోయని బ్రెడ్డు తెచ్చుకుని రంపపు పళ్ల కత్తితో ఇంట్లోనే కోసుకుంటే మందం మన చేతిలో ఉంటుంది. కత్తిని కిందికి నొక్కకుండా ముందుకూ వెనక్కూ లాగుతూ కోయాలి. నొక్కితే స్లైసు నలిగి, నలిగిన చోట సరిగా కాలదు.

ఆరోగ్యం కోసమే అనుకుంటే ప్యాకెట్ ముందు రాసిన మాటలు వదిలేసి వెనకనున్న పదార్థాల పట్టీ చదవండి. మామూలుగా ఎక్కువ బరువున్నది మొదట వచ్చేలా ఆ పట్టీ రాస్తారు. మొదటి పేరు సంపూర్ణ గోధుమ పిండి అయితే సరే. మైదా ముందుండి గోధుమ వెనకుంటే అది పేరుకే గోధుమ బ్రెడ్డు. రంగును అసలే నమ్మకూడదు, ఎందుకంటే క్యారమెల్ కలిపినా బ్రెడ్డుకు గోధుమ రంగు వస్తుంది. చక్కెర ఎక్కువున్న బ్రెడ్డుతో ఇంకో చిక్కుంది: లోపల చెమ్మ పోకముందే పైన నల్లబడుతుంది.

నిన్నటి బ్రెడ్డు ఇవాళ్టి బ్రెడ్డు కంటే మంచి టోస్ట్ అవుతుంది, చెమ్మ తక్కువ కాబట్టి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి. బ్రెడ్డులోని పిండిపదార్థం బయటికంటే ఫ్రిజ్ చల్లదనంలోనే త్వరగా గట్టిపడుతుంది. రెండు మూడు రోజుల్లో తినేస్తే బయటే మూటగట్టి ఉంచండి. ఎక్కువుంటే స్లైసులుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టిన స్లైసునే నేరుగా కాల్చండి. మామూలు కంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

చీజ్: రుచి ఒక్కటే కాదు, అడ్డుగోడ కూడా

చీజ్ పొర పండుకీ బ్రెడ్డుకీ మధ్య గోడలా నిలబడుతుంది. కొవ్వు నీటిని త్వరగా కిందికి పోనివ్వదు. అందుకే పండు ముందు, చీజ్ పైన చల్లడం అనే వరుస చల్లటి టోస్ట్‌కు పనికిరాదు. చీజ్ బ్రెడ్డు అంచులదాకా, ఎక్కడా ఖాళీ లేకుండా పరుచుకోవాలి. మూలల్లో వేలెడంత వదిలేసినా తడి ముందు అక్కడే దిగుతుంది.

రోజూ తినడానికి రికోటా మా మొదటి ఎంపిక. ఉప్పు తక్కువ, పాల తీపి కాస్త ఉంటుంది, ఏ పండుతోనూ గొడవపడదు. డబ్బా తీయగానే పైన నీళ్లు తేలి ఉంటే వంచేయండి, కలిపేయకండి. మరీ నీళ్లగా ఉంటే సన్నటి జల్లెడలో పది నిమిషాలు ఉంచాలి. తర్వాత ఫోర్కుతో అర నిమిషం గట్టిగా గిలకొట్టండి. పలుకుపలుకుగా ఉన్నది నున్నగా, తేలిగ్గా అవుతుంది, బ్రెడ్డు మీద సమంగా పరుచుకుంటుంది. చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం ఈ దశలోనే కలపాలి. ఉప్పు లేని రికోటా చప్పగా ఉండి, ఆ చప్పదనం పోవడానికి తేనె ఎక్కువ పోయాల్సి వస్తుంది.

కాటేజ్ చీజ్‌లో వంద గ్రాములకు 11 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు తక్కువ. కాకపోతే గడ్డల చుట్టూ పల్చటి ద్రవం ఉంటుంది కాబట్టి దాన్ని వడకట్టకుండా వేస్తే పండు కంటే ముందు చీజే బ్రెడ్డును తడిపేస్తుంది. జల్లెడలో పోసి ఐదు నిమిషాలు ఆగండి, లేదా మిక్సీలో ఒక తిప్పు తిప్పి చిక్కగా చేసుకోండి. క్రీమ్ చీజ్ తడిని అన్నిటికంటే బాగా ఆపుతుంది, కానీ అందులో మూడో వంతు కొవ్వు, ప్రోటీన్ వంద గ్రాములకు 6 గ్రాములే. దాన్ని వాడితే స్లైసుకు ఒక టేబుల్‌స్పూను మించనక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే రాస్తే బ్రెడ్డు చిరుగుతుంది. ముందే తీసి పక్కన పెట్టండి, మరిచిపోతే చెంచాను వేడినీళ్లలో ముంచి, తుడిచి, దాని వీపుతో రాయండి.

ఫెటా, మేక పాల చీజ్, చెడ్డార్, నీలి చీజ్ (నీలి బూజు చారలుండే బ్లూ చీజ్) ఉప్పగా, ఘాటుగా ఉండే రకాలు. వీటికి వేరే ఉప్పు వద్దు, స్లైసుకు 20 గ్రాములు దాటించొద్దు. ఫెటా పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి అది గోడలా నిలవదు. సగం ఫెటా, సగం రికోటా కలిపి రాస్తే ఘాటూ ఉంటుంది, పరుచుకోవడమూ ఉంటుంది.

రికోటా దొరకకపోతే అలాంటిదే ఇంట్లో చేసుకోవచ్చు. లీటరు చిక్కటి పాలను అడుగంటకుండా కలుపుతూ, అంచుల్లో బుడగలు లేచి ఆవిరి బాగా వచ్చేదాకా, అంటే 85 నుంచి 90 డిగ్రీల దాకా కాచండి. మంట ఆపి రెండు మూడు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ రెండుసార్లు మాత్రమే మెల్లగా తిప్పండి. ఎక్కువ కలిపితే విరుగు చిన్న చిన్న పలుకులై గట్టిపడుతుంది. పది నిమిషాలు వదిలేసి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: నీళ్లు పూర్తిగా పోవాలని పిండుతారు, బరువు పెడతారు. పిండకుండా పదిహేను నిమిషాలు వేలాడదీస్తే చాలు. చెంచాతో తీస్తే మెత్తగా జారకుండా నిలబడాలి, ముద్దలా బిగుసుకుపోకూడదు. నూటయాభై నుంచి రెండు వందల గ్రాముల దాకా వస్తుంది, మూడు రోజుల్లో వాడేయాలి.

పండు ఎంచుకోవడం, కోయడం

స్ట్రాబెర్రీలను తొడిమతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే ఆ గుంటలోంచి నీళ్లు లోపలికి పోతాయి, ఎంత తుడిచినా పోవు. కడిగి గుడ్డ మీద ఆరబెట్టాక తొడిమ తీసి, నిలువుగా నాలుగైదు మిల్లీమీటర్ల మందాన కోయండి. ఇంకా సన్నగా కోస్తే కోసిన ముఖాలు ఎక్కువై రసం త్వరగా కారుతుంది. లావుగా ఉంటే నిలవవు, కొరికినప్పుడు ముక్క మొత్తం ఊడి వస్తుంది. కోసిన ముక్కలను శుభ్రమైన పొడి గుడ్డ మీద పరిచి రెండు నిమిషాలు ఉంచండి. గుడ్డ ఎత్తి చూస్తే ఒక్కో ముక్క కింద ఎర్రటి మరక కనిపిస్తుంది. గుడ్డ పీల్చకపోతే బ్రెడ్డులోకి దిగేది ఆ రసమే.

అరటిపండు తడి సమస్య తక్కువున్న పండు, తొందరలో ఉన్న రోజు దాన్నే నమ్ముకోండి. తొక్క మీద చిన్న చిన్న మచ్చలు వచ్చిన పండు తీయగా ఉంటుంది, ఇంకా గట్టిగా నిలుస్తుంది. పూర్తిగా నల్లబడిన దాన్ని ముక్కలుగా వేయడం కంటే మెదిపి చీజ్‌లో కలిపితే తేనె అవసరమే ఉండదు. ముక్కలు కొంచెం ఏటవాలుగా, అర సెంటీమీటరు మందాన కోస్తే దొర్లిపోవు.

యాపిల్, బేరిపండు కోయగానే గాలి తగిలి రంగు మారతాయి. కండలోని ఒక ఎంజైము పని అది. నిమ్మరసంలోని పులుపు ఎంజైమును నెమ్మదింపజేస్తుంది, దానిలోని సి విటమిన్ రంగు తేలకుండా ఆపుతుంది. అర టీస్పూను నిమ్మరసం వేళ్లతో అద్దితే చాలు, నీళ్లలో నానబెడితే మళ్లీ తడి తెచ్చిపెట్టుకున్నట్టే. యాపిల్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి పలుచగా కోయాలి, తొక్క తీయనక్కర్లేదు, పీచులో మంచి భాగం అక్కడే ఉంటుంది. బేరిపండు పక్వం తెలియాలంటే పొట్ట దగ్గర కాక తొడిమ పక్కన మెడ దగ్గర బొటనవేలితో నొక్కండి. అక్కడ కొంచెం లొంగితే తినడానికి సిద్ధం. పొట్ట మెత్తబడేదాకా ఆగితే లోపల అప్పటికే మగ్గిపోయి ఉంటుంది.

మామిడి, పీచ్ లాంటి రసం పండ్లను కొంచెం గట్టిగా ఉన్నప్పుడే వాడండి. బాగా పండినది చేత్తో తినడానికి రుచే గానీ టోస్ట్ మీద నిలవదు. ద్రాక్షను సగానికి కోసి, కోసిన ముఖం పైకి ఉండేలా పెట్టండి. బ్లూబెర్రీలను కోయకుండా అలాగే వేయవచ్చు, తొక్క రసాన్ని పట్టి ఉంచుతుంది. దొర్లిపోతుంటే చీజ్‌లోకి కొంచెం అదమండి. పుచ్చకాయను ఎంత తుడిచినా బ్రెడ్డు మీద బాగుండదు, దాన్ని పక్కన గిన్నెలో పెట్టుకుని తినడమే మేలు.

పైనాపిల్, కివీ, బొప్పాయి విషయంలో ఒక జాగ్రత్త. ఈ మూడింటిలోనూ ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములుంటాయి: పైనాపిల్‌లో బ్రొమెలైన్, కివీలో యాక్టినిడిన్, బొప్పాయిలో పపైన్. వేడి చేయకుండా అలాగే చీజ్ మీద పెడితే కాసేపటికి చీజ్ పల్చబడి చేదెక్కుతుంది. వెంటనే తినేస్తే ఏమీ కాదు. పది నిమిషాలకు మించి ఆగేట్లయితే పైనాపిల్ ముక్కలను పొడి పెనం మీద రెండు వైపులా రెండేసి నిమిషాలు కాల్చి చల్లార్చండి. లోపలిదాకా వేడెక్కితే ఎంజైము పని ఆగిపోతుంది, కొంత నీరు ఇగిరిపోతుంది, అంచులు కమిలి తీపి పెరుగుతుంది.

ఫ్రీజర్ బెర్రీలు కరిగాక మెత్తని ముద్దవుతాయి, ముక్కలుగా వేయడానికి పనికిరావు. వంద గ్రాములు చిన్న గిన్నెలో వేసి మధ్యస్థపు మంట మీద నాలుగైదు నిమిషాలు, రసం చిక్కబడేదాకా ఉడికించండి. దించి ఒక టీస్పూను చియా గింజలు కలిపి పది నిమిషాలు వదిలేస్తే చక్కెర లేకుండానే జామ్‌లా గట్టిపడుతుంది. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

పని వరుస

1. చీజ్ ముందుగా ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. అవసరమైతే వడకట్టడానికి జల్లెడలో వేయండి.

2. పండు కడిగి, తుడిచి, కోసి, గుడ్డ మీద పరచండి. బ్రెడ్డు జోలికి ఇంకా పోవద్దు. టోస్ట్ చేసి పెట్టుకుని తర్వాత పండు కోస్తే, కోసేలోపు టోస్ట్ చల్లారి తోలులా సాగుతుంది.

3. పొడి పెనం మీద వాల్‌నట్లు లేదా బాదం సన్నమంట మీద మూడు నాలుగు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, దించి, చేత్తో తుంచండి. పెనం మీదే వదిలేస్తే మంట ఆపాక కూడా మాడతాయి. తొందరైతే ఈ మెట్టు వదిలేయండి.

4. చీజ్‌లో ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి గిలకొట్టండి.

5. ఇప్పుడు బ్రెడ్డు. టోస్టర్‌లో అయితే మామూలుగా పెట్టే అంకె కంటే ఒకటి ఎక్కువ పెట్టండి, పైన తడి సామాను వస్తుంది కాబట్టి. పెనం అయితే మధ్యస్థపు మంట మీద బాగా వేడెక్కనిచ్చి, నూనె లేకుండా, వైపుకు రెండు నుంచి మూడు నిమిషాలు. చీజ్ రాయబోయే వైపు ఇంకో అర నిమిషం ఎక్కువ కాలనివ్వండి. కత్తి మొనతో గీస్తే గరగరమని శబ్దం రావాలి. మెత్తగా దిగబడితే ఇంకా కాలాలి.

6. కాల్చిన స్లైసులను పళ్లెంలో పడుకోబెట్టవద్దు. వేడి బ్రెడ్డులోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. చల్లటి పళ్లెం తగలగానే అది నీళ్లయి బ్రెడ్డు అడుగునే పట్టుకుంటుంది. స్లైసు ఎత్తి చూస్తే పళ్లెం మీద బ్రెడ్డు ఆకారంలోనే తడి అచ్చు కనిపిస్తుంది. తీగల జాలీ మీద పెట్టండి, లేదా రెండు స్లైసులను ఒకదానికొకటి ఆనించి గుడిసెలా నిలబెట్టండి. ఒక నిమిషం నుంచి నిమిషంన్నర చాలు.

7. చేయి ఆన్చితే గోరువెచ్చగా అనిపించినప్పుడు చీజ్ రాయండి. పొగలు కక్కే బ్రెడ్డు మీద రాస్తే చీజ్ పల్చబడి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది, గోడ ఉండదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర, అంచులదాకా.

8. పండు ముక్కలను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పేర్చి మెల్లగా అదమండి. ఒక్క వరుసే వేయండి. రెండో వరుస వేస్తే కొరికినప్పుడు జారేది అదే.

9. గింజలు, మిరియాల పొడి లేదా దాల్చినచెక్క చల్లండి. తేనె అన్నిటికంటే చివర, నోట్లో పెట్టుకోబోయే ముందు, చెంచా కొన నుంచి సన్నటి ధారగా. చక్కెర, ఉప్పు, తేనె ఏవైనా పండులోని నీటిని బయటికి లాగుతాయి. స్ట్రాబెర్రీల మీద తేనె వేసి ఐదు నిమిషాలు ఆగితే ముక్కల చుట్టూ ఎర్రటి నీళ్లు నిలవడం కళ్లారా కనిపిస్తుంది.

చేయి తిరిగాక ఇదంతా ఎనిమిది పది నిమిషాల పని.

కరిగిన చీజ్‌తో వేడిగా

ఇందులో వరుస తారుమారవుతుంది. పండు కింద, చీజ్ పైన. చీజ్ కరిగి ముక్కలను బ్రెడ్డుకు అతికిస్తుంది, పండులోని నీళ్లు కొంత ఆవిరైపోతాయి. యాపిల్, బేరిపండు లాంటి గట్టి పండ్లే దీనికి సరి. స్ట్రాబెర్రీ, మామిడి వేడికి జావగారిపోతాయి.

బ్రెడ్డును ముందు ఒక వైపు లేత బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. కాలిన వైపు పైకి తిప్పి, యాపిల్ ముక్కలు పలుచగా ఒక వరుస పరిచి, పైన స్లైసుకు 20 గ్రాముల చెడ్డార్ తురుము చల్లండి. ఓవెన్ గ్రిల్ కింద రెండు మూడు నిమిషాలు, కళ్లముందే ఉంచుకుని చూడండి, అక్కడ అర నిమిషంలో బంగారు రంగు నల్లగా మారుతుంది. గ్రిల్ లేకపోతే పెనం మీద సన్నమంటకు పెట్టి, బ్రెడ్డుకు తగలకుండా పెనం అంచున నాలుగు చుక్కల నీళ్లు చల్లి వెంటనే మూత పెట్టండి. ఆ ఆవిరికి రెండు మూడు నిమిషాల్లో చీజ్ కరుగుతుంది. చివరి అర నిమిషం మూత తీసేయాలి, లేకపోతే ఆవిరి బ్రెడ్డును మెత్తబరుస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 180 డిగ్రీల మీద మూడు నాలుగు నిమిషాలు. దాని ఫ్యాను గాలికి చీజ్ స్లైసులు ఎగిరిపోతాయి కాబట్టి తురుమే వేసి చేత్తో అదమండి.

చీజ్ గడ్డ తెచ్చి అప్పటికప్పుడు తురుముకోండి. ప్యాకెట్ తురుముకు ముక్కలు అతుక్కోకుండా పిండిపదార్థమో సెల్యులోజో పూస్తారు, అందుకే అది నున్నగా కరగదు. ఇక బాగా ముదిరిన చెడ్డార్ ఎక్కువ వేడికి విరుగుతుంది: ప్రోటీన్ బిగుసుకుని కొవ్వును బయటికి పిండేస్తుంది, పైన నూనె తేలి కింద రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. తురుము కరిగి ఒకటిగా కలవగానే దించేయాలి, బుడగలు గట్టిగా పొంగేదాకా ఆగకూడదు.

ఏ పండుకు ఏ చీజ్

స్ట్రాబెర్రీ, రికోటా, మీద తాజాగా దంచిన మిరియాలు. ఈ మూడూ కలిస్తే తేనె లేకపోయినా లోటు తెలియదు, మిరియాల ఘాటు పండు తీపిని ఎత్తి చూపిస్తుంది. అరటిపండుకు రికోటా, దాల్చినచెక్క, వేయించిన వాల్‌నట్లు. యాపిల్‌కు చెడ్డార్, వేడిగా. బేరిపండుకు నీలి చీజ్ బాగా కుదురుతుంది, కాకపోతే ఘాటు కొత్తవాళ్లకు ఎక్కువనిపిస్తుంది. దాన్ని మూడు వంతుల క్రీమ్ చీజ్‌లో ఒక వంతు కలిపి మొదలుపెట్టండి. అంజీరకు మేక పాల చీజ్, పైన రెండు చుక్కల తేనె. మామిడికి వడకట్టిన కాటేజ్ చీజ్, నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు కారం. పీచ్‌కు తాజా మొజరెల్లా, పుదీనా ఆకులు. మొజరెల్లా నీళ్లలో నిల్వ ఉండే రకమైతే ముక్కలుగా కోసి గుడ్డలో ఒత్తి మరీ వాడండి.

లెక్క పెద్ద కష్టం కాదు. పండు బాగా తీయనిదైతే ఉప్పగా ఉండే చీజ్, పుల్లనిదైతే పాల తీపి ఉన్న మెత్తని చీజ్. మెత్తని పండు మీద గింజలు తప్పకుండా వేయండి, నోటికి ఏదో ఒకటి గట్టిగా తగలాలి. యాపిల్ లాంటి కరకరలాడే పండుకు అవి లేకపోయినా ఫరవాలేదు.

చెడితే ఎక్కడ చెడింది

బ్రెడ్డు అడుగు తడిసి పైభాగం బాగుంటే, పళ్లెంలో పడుకోబెట్టి చల్లార్చారని అర్థం. పైభాగం తడిసి అడుగు గట్టిగా ఉంటే పండును తుడవలేదు, లేదా చీజ్ పలుచగా రాశారు. పైన నల్లగా, లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది. ఉపరితలం 140 డిగ్రీలు దాటాకే బంగారు రంగూ, కాల్చిన వాసనా బాగా వస్తాయి, కానీ లోపలి చెమ్మ ఇగరడానికి సమయం కావాలి, పెద్దమంట ఆ సమయం ఇవ్వదు. మొత్తం రస్కులా ఎండిపోతే దానికి వ్యతిరేకం: మంట మరీ తక్కువ పెట్టి చాలాసేపు ఉంచారు. అన్నీ సరిగా ఉన్నా రుచి చప్పగా ఉంటే చీజ్‌లో ఉప్పు వేయడం మరిచి ఉంటారు. తేనె ఇంకో చెంచా పోసే ముందు చిటికెడు ఉప్పు చల్లి చూడండి.

డబ్బాలో పట్టుకెళ్లాలంటే

పేర్చిన టోస్ట్ పదిహేను నిమిషాలకు మించి బాగుండదు, ఏ చీజ్ వాడినా అంతే. విడిగా పట్టుకెళ్లండి: పూర్తిగా చల్లారిన టోస్ట్ ఒక డబ్బాలో (వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమట పట్టి మెత్తబడుతుంది), గిలకొట్టిన చీజ్ చిన్న మూత గిన్నెలో, పండు కోయకుండా అలాగే. చీజ్‌ను, కోసిన పండును ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండాకాలంలో గంటే. మూత తీసిన రికోటా, కాటేజ్ చీజ్ ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు ఉంటే ఐదారు రోజులు నిలుస్తాయి. పుల్లటి వాసన వచ్చినా, గులాబీ లేదా ఆకుపచ్చ మచ్చ కనిపించినా డబ్బా మొత్తం పారేయండి. మెత్తని చీజ్‌లో బూజు కంటికి కనపడని చోటికి కూడా పాకి ఉంటుంది, మచ్చ వరకు తీసేసి మిగతాది తినడం సరికాదు.

గర్భిణులు ప్యాకెట్ మీద పాశ్చరైజ్ చేసిన పాలు అని రాసి ఉన్న మెత్తని చీజ్ మాత్రమే తినాలి, పచ్చి పాల చీజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. నీలి చీజ్, బ్రీ లాంటి బూజు రకాలను వాళ్లు పూర్తిగా మానేయడమే క్షేమం. ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా వేయకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను అడ్డంగా కాకుండా నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క గొంతులో సరిగ్గా అడ్డుపడుతుంది. వాళ్లకు గింజలు తుంచి వేయడం కూడా వద్దు, మెత్తగా పొడి కొట్టి చీజ్‌లో కలపండి.